అప్‌డేట్: బాపు ఎన్‌ఎల్‌ఆర్ గురించి సర్జన్ చెప్పింది

ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆపరేషన్‌కు ముందు మా బాపు సీబీపీలో (రక్త పరీక్ష) తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్స్ 78, లింఫోసైట్స్ 13 శాతం, అంటే ఎన్‌ఎల్‌ఆర్ (మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చే సంఖ్య) 6 వచ్చింది, ఇది ప్రమాదమా అని అడిగాను కదా. మొన్న హన్మకొండలో సర్జన్‌ను కలిశాం. ఎన్‌ఎల్‌ఆర్ ఎక్కువున్నవాళ్లలో సగటున ఫలితాలు కొంత తక్కువన్నది చాలా అధ్యయనాల్లో ఉన్న మాటే, కానీ ఇన్‌ఫెక్షన్ ఉన్నా, స్టెరాయిడ్ వాడినా అది పెరుగుతుందట. బాపుకు అప్పుడు రెండూ ఉన్నాయి. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులు సీఆర్‌పీ (ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉంటే పెరిగే రక్త పరీక్ష) పెరగడమూ మామూలే, తర్వాత దిగకపోతేనే ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూస్తారట. సర్జన్ బాపు బయాప్సీ రిపోర్ట్ తీసి లింఫ్ నోడ్స్ (క్యాన్సర్ పాకిందా అని చూసే గ్రంథులు) లైను కింద పెన్నుతో గీత గీసి, "కీమో సంగతి చెప్పేది ఇది, సీబీపీ కాదు" అన్నారు. నోడ్స్‌లో ఏం లేదు, స్టేజ్ 1. కీమో వద్దన్నారు, సీటీ స్కాన్‌లకు మాత్రం రావాలి. ఇక బీడీ మానిపించుడే పెద్ద పంచాయితీ.