వేసవి పద్యంలో తిమ్మనం, వడపిందెలు: వండి చూస్తే తేలినవి

శ్రీకృష్ణదేవరాయలు రాసిన ఆముక్తమాల్యద కావ్యం మొదటి ఆశ్వాసంలో విష్ణుచిత్తుడు అనే విష్ణుభక్తుడు అతిథులకు వేసవిలో పెట్టే భోజనం పద్యం గురించి నిన్న ఒక అక్క అడిగారు. "తిమ్మనం, వడపిందెలు అంటే ఏంటివి? మన ఇండ్లలో ఇప్పుడు చేసుకోవచ్చా?" అని. మాది అనంతపురం. ఆదివారం ఆ పద్యాన్నే ముందు పెట్టుకుని, పెరట్లో కాసినవాటితో వండుకున్నాం. అందుకని జవాబు కొంచెం పొడుగే.

తెలి నులివెచ్చ ఓగిరంతో మొదలవుతుంది పద్యం. తెలి అంటే తెల్లని, ఓగిరం అంటే అన్నం. ఇప్పుడు మనం ఆ మాట అనం గానీ, పులియోగరె తినేటప్పుడు నోట్లో ఉన్నది అదే. కన్నడంలో ఓగర అంటే అన్నమే. ఎడనీళ్లు కూడా అంతే. హిందూపురం దాటి అవతలికి పోతే బోండాం నీళ్లను ఎళనీరు అంటారు. ఎళ అంటే లేత. ఇక నీరుచల్ల అంటే నీళ్లు బాగా పోసిన మజ్జిగ.

నాకు అన్నిటికన్నా నచ్చింది నులివెచ్చ. ఎండాకాలం కదా, చద్దన్నం పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. అక్కడే ఉన్న చలికాలం పద్యం పక్కన పెట్టి చూడండి. అందులో మిరియాల పొడి చల్లిన చురుక్కుమనే కూరలు, ముక్కుకెక్కే ఆవపచ్చళ్లు, చెయ్యి కాలే నెయ్యి. వేసవికి వచ్చేసరికి చారు, తిమ్మనం, పలుచని అంబలి, చెరకుపాలు, ఎడనీళ్లు, చల్ల. దాదాపు అన్నీ గొంతులో జారేవే, నమిలే పని తక్కువ. అంత పలుచని వడ్డనలో పొగలు కక్కే అన్నం నప్పదు, చల్లారి గట్టిపడిన అన్నంలో చారు ఇంకదు. మేం అన్నం వార్చి, వెడల్పు తాంబాళంలో పరిచి, చెయ్యి పెడితే హాయిగా ఉండేదాకా ఆరనిచ్చాం. మెతుకు విడివిడిగా ఉండి, చారు పోయగానే పీల్చుకుంది. కవి ఆ మాట ఊరికే వెయ్యలేదు.

అసలు టెన్షన్ కారం దగ్గర వచ్చింది. రాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా. మిరప, టమాట, చెనిక్కాయ (వేరుశనగ) మూడూ అమెరికా ఖండం పంటలు, మన వంటల్లో కలిసిపోయింది ఆ తర్వాతే. ఆ పద్యాల్లో ఘాటు అంటే మిరియం, ఆవ. పెరట్లో పచ్చిమిరప చెట్టు విరగకాసి ఉంటే ఒక్క కాయ కొయ్యకుండా వండడం, అదీ చెనిక్కాయ నూనె వాడకుండా అనంతపురంలో వండడం! మా ఇంట్లో పెద్దావిడ "మిరక్కాయ లేకుండా ఇదేం సీమ వంటప్పా" అని లేచిపోబోయింది. బ్యాళ్ల కట్టులో, అంటే పప్పు ఉడికిన నీళ్లలో, చింతపండు పులుసు, మిరియాలు, జీలకర్ర దంచి వేసి, పద్యం తియ్యని చారు అంది కాబట్టి బెల్లం ముక్క కలిపి, నువ్వులనూనెలో ఆవాలు, మెంతులు, కరివేపాకు తాలింపు పెట్టాం. రెండోసారి ఆవిడే పోయించుకుంది.

తిమ్మనానికి సొరకాయ కోశాం. నానబెట్టిన బియ్యం, పచ్చికొబ్బరి, అల్లం, జీలకర్ర రుబ్బి, పుల్లటి మజ్జిగలో కలిపి, ఉడికిన ముక్కల్లో పోసి సన్నసెగ మీద కాచాం. పద్యంలో రసావళులు అని ఇంకో వంటకం ఉంది, దాని జోలికి పోలేదు. భోజనానికి ముందు ఒంటికి చందనం పూయాలని పద్యం చెబుతుంది. అదీ చెయ్యలేదు, ఉక్కపోతకు అందరూ స్నానాలు చేసి కూర్చున్నారు.

కోనసీమ నుంచి ఒకరు: సార్, మా వైపు తిమ్మనం అంటే బియ్యప్పిండి, బెల్లం, పాలతో చేసే తీపి. మీరు మజ్జిగపులుసు చేసి తిమ్మనం అంటే ఎట్లా?

జవాబు: మీ వాడుకను కాదనడం లేదు అన్నా. అమరకోశం అనే సంస్కృత నిఘంటువులో తేమనం, నిష్ఠానం ఒకచోట చెప్పారు, అన్నంలోకి తడిగా కలుపుకునే వ్యంజనం అని అర్థం. తిమ్మనం దాన్నుంచి వచ్చిందనుకుంటే మజ్జిగతో చేసినా, పాలతో చేసినా సరిపోతుంది. పద్యంలో చారు తర్వాత వెంటనే తిమ్మనం వచ్చింది కాబట్టి నేను అన్నంలోకే తీసుకున్నా.

కర్నూలు నుంచి ఒకరు: పద్యంలో ఉన్న సుగంధి శీతజలం అంటే మన నన్నారి షర్బతే కదా? సుగంధిపాల వేరు నల్లమలలో దొరికేదే.

జవాబు: ఆశగానే ఉంది గానీ అక్కడ సుగంధి అంటే మంచి వాసన గల అని మాత్రమే. అది సుగంధిపాల వేరు పేరు అనడానికి పద్యంలో ఆధారం లేదు. మేం మట్టికుండ నీళ్లలో వట్టివేర్లు వేశాం. నన్నారి సాయంత్రం తాగాం, దానికి రాయలవారి అనుమతి అక్కర్లేదు.

అడిగిన అక్క: మరి వడపిందెలు?

జవాబు: మామిడి పిందెలు, ఉప్పులో ఊరేసినవి. వడ అంటే ఎండవేడి, వడగాలిలో, వడదెబ్బలో ఉన్నదే. అందుకని ఎండకు వాడిన పిందెలు అని కొందరంటారు. నాకు ఇంకో దారి సబబుగా తోస్తోంది. తమిళంలో లేత మామిడి పిందెను వడు అంటారు, ఉప్పునీళ్లలో ఊరేసిన పిందెలు అక్కడ ఈనాటికీ మావడు. కథ జరిగేది తమిళనాడులోని విల్లిపుత్తూరులో, ఆ ఇంట్లో ఆ పిందెలు ఉండడం సహజమే. మా చెట్టు కింద గాలికి రాలినవాటిలో టెంక పట్టనివి ఏరి, తొడిమలు తీసి, తుడిచి ఆరబెట్టి, రాళ్లుప్పుతో జాడీలో వేశాం. రోజూ ఒకసారి కుదిపితే వాటి నీటిలోనే అవి ఊరతాయి. తోలు ముడతలు పడ్డాక నీరుచల్ల అన్నంలోకి ఒకటి కొరుక్కోండి. టెంక ముదిరినవి మాత్రం వెయ్యొద్దక్కా, పులుపు తప్ప ఏమీ ఉండదు.