ఇంజన్లు లేని ఇంజన్ షెడ్డు: లండన్ రౌండ్‌హౌస్ దక్కినట్టా, పోయినట్టా?

బొగ్గుమసి:
లండన్ కామ్డెన్‌లోని రౌండ్‌హౌస్ అంటే ఇప్పుడు అందరికీ కచేరీల హాలు. అసలు అది 1847లో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే గూడ్స్ ఇంజన్ల కోసం కట్టిన లోకో షెడ్డు. రాబర్ట్ స్టీఫెన్‌సన్ పర్యవేక్షణలో రాబర్ట్ డాక్రే రూపం ఇచ్చాడు. 160 అడుగుల వ్యాసం, శంకువులాంటి కప్పు, దాన్ని మోసే 24 పోత ఇనుప స్తంభాలు, మధ్యలో 36 అడుగుల టర్న్‌టేబుల్. ఇంజను లోపలికొచ్చి టర్న్‌టేబుల్ మీద ఆగితే, దాన్ని తిప్పి ఖాళీగా ఉన్న దారిలోకి పంపేవాళ్లు. ఆ గుండ్రదనం అందం కోసం పెట్టింది కాదు, పని కోసం పుట్టింది. ఇప్పుడు పట్టాల్లేవు, టర్న్‌టేబుల్ లేదు. దీన్ని షెడ్డును కాపాడటం అనొచ్చా? నేనైతే అననండి.

గోదారి_గట్టు:
మీ బాధ అర్థమైంది కానీ తప్పు ఎవరి మీద వేస్తున్నారు? ఇంజన్లను వెళ్లగొట్టింది కచేరీల వాళ్లు కాదు కదా. కట్టిన పదేళ్లు తిరిగేసరికే కొత్త ఇంజన్లు పొడవు పెరిగిపోయి ఆ టర్న్‌టేబుల్‌కు సరిపడలేదు. సుమారు 1870 నుంచి గిల్బీ అనే మద్యం కంపెనీ గోదాముగా వాడుకుంది, అదీ దశాబ్దాల పాటు. అంటే షెడ్డుగా బతికింది చాలా కొద్దికాలం, గోదాముగా అంతకు ఎన్నో రెట్లు. 1954లో రక్షిత కట్టడాల జాబితాలో చేర్చారు, 1964లో నాటకాల వాళ్ల చేతికి వచ్చింది, 1966లో పింక్ ఫ్లాయిడ్ అనే రాక్ బృందం అక్కడ వాయించింది. 1983లో మూతపడి ఏళ్ల తరబడి దాదాపు ఖాళీగా పడి ఉంది. 1996లో టార్క్విల్ నార్మన్ అనే వ్యాపారవేత్త కొని, 2006లో మళ్లీ తెరిపించాడు. ఈ కచేరీలే లేకపోతే ఈ పాటికి ఆ కప్పు ఉండేదా?

కాజీపేట_కుర్రోడు:
గట్టు గారితో ఏకీభవిస్తాను. ఖాళీ భవనానికి వాననీళ్లే పెద్ద శత్రువు.

బొగ్గుమసి:
కప్పు నిలిచిందని నేనూ సంతోషిస్తున్నానండీ, నా గొడవ అది కాదు. మామూలు పొడుగాటి షెడ్డులో ముందున్న ఇంజను పాడైతే వెనకవన్నీ ఆగిపోతాయి. గుండ్రటి షెడ్డులో ఒక్కోదానికి ఒక్కో దారి, ఏదైనా విడిగా బయటికి తీయొచ్చు. కాకపోతే ఆ ఒక్క టర్న్‌టేబుల్ బిగుసుకుపోతే లోపలివన్నీ బందీలే. చల్లారిన బాయిలర్‌లో ఆవిరి పుట్టించాలంటే గంటల తరబడి మంట వేయాలి, కాబట్టి తెల్లవారుజామునే షెడ్డంతా పొగ. అందుకే అంత ఎత్తు కప్పు, మధ్యలో పొగ పోయే దారి. స్తంభాలు అక్కడే ఎందుకున్నాయి? పట్టాలకు అడ్డం రాకూడదు కాబట్టి. ఇదంతా చెప్పకుండా "అద్భుతమైన విక్టోరియన్ హాలు" అని ఫొటో పెడితే చూసేవాళ్లకు స్తంభాలు అలంకారంలా కనిపిస్తాయి. నాకు మండేది అక్కడే.

గోదారి_గట్టు:
మరి ఇంగ్లండ్‌లోనే ఉన్న డెర్బీ సంగతేంటి? ఇలాంటి గుండ్రటి ఇంజన్ షెడ్డులన్నిటినీ రౌండ్‌హౌస్‌లనే అంటారు కదా. అక్కడి రౌండ్‌హౌస్ 1839ది, నార్త్ మిడ్‌లాండ్ రైల్వే కట్టింది, 16 వైపులున్న భవనం, ప్రపంచంలో ఇప్పటికీ నిలిచి ఉన్న రౌండ్‌హౌస్‌లలో అదే పాతదంటారు. 2009 నుంచి కాలేజీ. రోజూ వందలమంది పిల్లలు అందులో తిరుగుతున్నారు. అదీ పోయినట్టేనా?

ఆవిరి_అక్క:
ఇద్దరూ బారో హిల్‌ను మర్చిపోయారు. చెస్టర్‌ఫీల్డ్ దగ్గర, మిడ్‌లాండ్ రైల్వే 1870లో కట్టింది. 1991 ఫిబ్రవరిలో మూసేస్తే, స్థానికులు పట్టుబట్టి కూల్చకుండా ఆపారు, 1998లో జనానికి తెరిచారు. 24 దారులు, టర్న్‌టేబుల్ ఇప్పటికీ తిరుగుతోంది, ఇంజన్లు నిజంగా వచ్చి పోతున్నాయి, బ్రిటన్‌లో పనిచేస్తూ మిగిలిన రౌండ్‌హౌస్ అదొక్కటే. మన దగ్గర హర్యానాలోని రేవారీ చూడండి, 1893 నాటి స్టీమ్ షెడ్డు, అందులో 1855 నాటి ఫెయిరీ క్వీన్ అనే ఆవిరి ఇంజను ఉంది. కాబట్టి పాత షెడ్డులో ఇంజన్లు పెట్టి నడపడం కుదరదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అయితే బారో హిల్ పక్కన ఇప్పటికీ పట్టాలున్నాయి. కామ్డెన్‌లో చుట్టూ ఊరు కమ్ముకుంది, ఇంజనును లోపలికి తేవడానికి దారే లేదు. రెండింటికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదు బొగ్గుమసి గారూ.

బొగ్గుమసి:
దారి లేదన్నది నిజమే అక్కా. కామ్డెన్‌కు ఇంజన్లు తెమ్మని నేనూ అడగను. కానీ హాలు కింద నేలమాళిగ ఉంది చూశారా, పైన పట్టాల బరువు మోయడానికి కట్టిన ఇటుక గోడలు, బండి చక్రం ఆకుల్లా మధ్య నుంచి నలువైపులా సాగుతాయి. ఇప్పుడు అక్కడ కుర్రకారు కోసం స్టూడియోలు పెట్టారు, మంచి పనే. ఆ గోడల మీద ఏ గోడ ఏ పట్టాను మోసేదో ఒక పటం గీయించి, పైన హాల్లో టర్న్‌టేబుల్ ఉన్న చోటును నేల మీద 36 అడుగుల వలయంగా గుర్తు పెడితే కచేరీకి ఏ అడ్డూ రాదు. ఆ మాత్రం చేస్తే "షెడ్డు పోయింది" అన్న మాట వెనక్కి తీసుకుంటాను.

గోదారి_గట్టు:
దానికి నేనూ సరే. కానీ డెర్బీకి ఇంకా జవాబు చెప్పలేదు మీరు.