టైటానియం మీద తూనీగ రెక్క తరహా నానో ముళ్ళు: మచ్చలుగా వస్తున్నాయి, స్టాఫ్ బాక్టీరియా చావడం లేదు

ప్రశ్న:
తూనీగ రెక్క మీదున్నట్టు బాక్టీరియాని గుచ్చి చంపే నానో ముళ్ళు మొలిపించాలని గ్రేడ్ 5 టైటానియం (అల్యూమినియం, వనేడియం కలిసిన మిశ్రమం) బిళ్ళల్ని 1 మోలార్ క్షారం, అంటే సోడియం హైడ్రాక్సైడ్‌లో, టెఫ్లాన్ గిన్నె ఉన్న, గట్టిగా మూసి వేడిచేసే ఆటోక్లేవ్‌లో 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర 5 గంటలు ఉంచుతున్నాను. ఎస్‌ఈఎమ్‌లో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో) కొన్నిచోట్ల ముళ్ళు దట్టంగా, కొన్నిచోట్ల బోడిగా కనిపిస్తున్నాయి. పైగా సూడోమోనాస్ బాక్టీరియా చస్తోంది, స్టాఫైలోకాకస్ ఆరియస్ (స్టాఫ్) మాత్రం దాదాపు అలాగే ఉంటోంది. లోపం తయారీలోనా, పరీక్షలోనా?

జవాబు 1:
ముందు ఆ మచ్చల సైజు చూడండి. కొన్ని మైక్రాన్లే అయితే అది లోహం గుణం: ఈ మిశ్రమంలో ఆల్ఫా, బీటా అని రెండు రకాల స్ఫటిక భాగాలు (దశలు) ఉంటాయి, వనేడియం ఎక్కువున్న బీటా క్షారంలో వేరుగా కరుగుతుంది. అది పోవాలంటే శుద్ధ టైటానియం వాడాల్సిందే. మచ్చలు మిల్లీమీటర్లలో ఉంటే తప్పు మన చేతిలోనే ఉంది. బిళ్ళ గిన్నె అడుగున పడుకుంటే కింది వైపుకి ద్రావణం సరిగా అందదు. టెఫ్లాన్ స్టాండులో నిలువుగా పెట్టండి. పాలిష్ చేశాక అసిటోన్, ఇథనాల్, నీళ్ళు, ఒక్కోదాంట్లో 10 నిమిషాలు అల్ట్రాసోనిక్‌లో కడగండి. గిన్నె మూడింట రెండొంతులు మించి నింపొద్దు, పూర్తిగా చల్లారకుండా తెరవొద్దు. గాజు పాత్ర అసలు వద్దు, వేడి క్షారం గాజులోని సిలికాని కరిగించేస్తుంది.

జవాబు 2:
స్టాఫ్ సంగతి: దాని పెప్టిడోగ్లైకాన్ గోడ మందం, గుచ్చినా సాగి చిరగడం కష్టం. 2012లో పరిశీలించిన ఇలకోడి (సికాడా) రెక్క సూడోమోనాస్‌ని నిమిషాల్లో చంపింది. అలాంటి రెక్కలకు స్టాఫ్ లాంటి మందపాటి గోడ ఉన్న గ్రామ్ పాజిటివ్ బాక్టీరియా లొంగలేదు. రెండు రకాల్నీ చంపింది తూనీగ రెక్క. కాబట్టి మీ ఫలితం వింతేమీ కాదు.
నాకు అనుమానమల్లా మీ సూడోమోనాస్ మరణాల మీదే. ముళ్ళ పొర సోడియం టైటనేట్. సరిగా కడగకపోతే క్షారం కారుతుంది, పీహెచ్ (ద్రవం ఎంత క్షారమో చెప్పే కొలత) పెరిగి బాక్టీరియా చస్తే అది ముళ్ళ ఘనతగా కనిపిస్తుంది. బిళ్ళని సెలైన్‌లో 24 గంటలు నానబెట్టి పీహెచ్ చూడండి, బిళ్ళ తీసేసి ఆ ద్రవంలోనే బాక్టీరియా వేయండి. అక్కడా చస్తే ముళ్ళకి సంబంధం లేదన్నమాట.

ప్రశ్న అడిగినవారు:
లైవ్/డెడ్ రంగులతోనే (బతికిన కణాలు ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపిస్తాయి) లెక్కించాను. అది సరిపోదా అండీ?

జవాబు 2:
సరిపోదు. చుక్క ఆరిపోతే నున్నటి బిళ్ళ మీద కూడా కణాలు ఎర్రబడతాయి. తేమ పెట్టెలో ఉంచి, కాలనీలు లెక్కపెట్టండి. అతుక్కున్నవీ, ద్రవంలో తేలుతున్నవీ విడివిడిగా.

జవాబు 1:
క్షారం పోవడానికి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అయాన్ మార్పిడి (పొరలోని సోడియం బదులు హైడ్రోజన్ చేరేలా) చేసి, కడిగి, ఆ తర్వాత కొలిమిలో కాల్చండి. పోలిక కోసం పెట్టే నున్నటి కంట్రోల్ బిళ్ళనీ అలాగే కాల్చాలి, లేకపోతే ఆక్సైడ్ తేడా కూడా ముళ్ళ ఖాతాలో పడుతుంది. పట్టకారు అంచుకే తగలాలి. ముళ్ళు వంగాయంటే మళ్ళీ లేవవు. ఎముకలోకి బిగించే స్క్రూల మీద ఇవి నిలుస్తాయా అన్నది బిగించి తీసి, ఎస్‌ఈఎమ్‌లో చూసి తేల్చాల్సిందే.