క్వాంటం మెకానిక్స్ ఈ సార్ దగ్గర తీసుకోవచ్చా? చదివినవాళ్ళు చెప్పగలరు

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నాను. వచ్చే సెమిస్టర్ క్వాంటం మెకానిక్స్ ఇద్దరు చెబుతున్నారు, ఒకరి సెక్షన్ ఎంచుకోవాలి. పేరు రాయను గానీ, ష్రోడింగర్ సమీకరణంతో కాకుండా 1922 నాటి స్టెర్న్-గెర్లాక్ ప్రయోగంతో మొదలుపెట్టే సార్ అంటే ఆయన స్టూడెంట్లకి తెలిసిపోతుంది.

ఆయన క్లాసు ఒకటి వెనక బెంచీలో కూర్చుని విన్నాను. అసమ అయస్కాంత క్షేత్రంలో వెండి పరమాణువుల పుంజం రెండుగా చీలడం బోర్డు మీద గీశారు. అంతా ఒకే పట్టీలా పరుచుకోకుండా రెండుగానే ఎందుకు విడిపోయిందో చెప్పమని, చాక్‌పీస్ పక్కన పెట్టి ఆగారు. ఎవరూ పలకకపోయినా తొందరపడలేదు. నాకు చాలా నచ్చింది. కానీ డిగ్రీ దాకా నాది తెలుగు మీడియం. మ్యాట్రిక్స్ లెక్కలు చేస్తాను, లీనియర్ ఆల్జీబ్రా లోతుగా రాదు. అదే భయం.

పరీక్షలో డెరివేషన్లు అడుగుతారా, కొత్త ప్రాబ్లమ్సా? పర్టర్బేషన్ థియరీ దాకా సిలబస్ అవుతుందా? నెట్, గేట్‌కి అది తప్పనిసరి కదా. డౌట్లు తెలుగులో అడిగినా పర్లేదా? ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చి ఆయన కోర్సు చేసిన అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే, సెలవుల్లో ముందుగా ఏం చదువుకుని వెళ్ళాలో చెప్పండి ప్లీజ్.