సికిల్ సెల్ వ్యాధి: తప్పు ఎక్కడుందో అంత ముందే తెలిసినా చికిత్సకు ఇన్నేళ్లు ఎందుకు పట్టింది?

ప్రశ్న (ఆశ్రమ పాఠశాల ఉపాధ్యాయిని, అల్లూరి సీతారామరాజు జిల్లా)

అందరికీ నమస్కారం. నేను ఏజెన్సీ ప్రాంతంలో ఒక గిరిజన బాలికల ఆశ్రమ పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. మా ఏడో తరగతిలో ఒక అమ్మాయికి సికిల్ సెల్ వ్యాధి ఉంది. చలికాలం వచ్చిందంటే ఆ పిల్లకు కాళ్ల ఎముకల్లో నొప్పి మొదలవుతుంది. మొన్న డిసెంబరులో ఒక రాత్రి వసతి గృహంలో మోకాళ్లు పట్టుకుని మంచం మీద ముడుచుకుపోయి, దుప్పటి తగిలినా ఓర్చుకోలేక, ఎముక లోపల సుత్తితో కొడుతున్నట్టుంది టీచర్ అంటూ తెల్లవారేదాకా ఏడ్చింది. కాపడం పెట్టడం, గుక్కగుక్కగా నీళ్లు తాగించడం తప్ప ఆ రాత్రి నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఈ వ్యాధికి కారణం హీమోగ్లోబిన్‌లో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడమని కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇంగ్రామ్ 1956-57లోనే చూపారని నేనే పాఠంలో చెబుతాను. జన్యువులో ఒక్క అక్షరం తప్పు. అది అంత ముందే తెలిసినప్పుడు, జన్యు సవరణ చికిత్సకు 2023 దాకా ఎందుకు ఆగవలసి వచ్చింది? రెండో సందేహం కూడా ఉంది. ఆసుపత్రిలో ఈ అమ్మాయికి హైడ్రాక్సీయూరియా రాశారు. అది క్యాన్సర్ మందు అని ఎవరో చెప్పడంతో తల్లి భయపడి ఆపేసింది. ఆ మందు ఈ వ్యాధిలో ఎలా పనిచేస్తుందో నాకు అర్థమైతే ఆమెకు నచ్చజెప్పగలను.

జవాబు 1 (రక్తకణాలపై పరిశోధన చేస్తున్న విద్యార్థి)

టీచరు గారూ, తప్పు ఎక్కడుందో తెలియడం వేరు, ఎముక మూలుగలో జీవితాంతం రక్తాన్ని పుట్టిస్తూ ఉండే మూలకణాల్లోకి వెళ్లి దాన్ని దిద్దడం వేరు. అలా దిద్దే పనిముట్టు చాలాకాలం ఎవరి చేతిలోనూ లేదు. అయితే ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఇంకొకటి ఉంది: 2023లో అనుమతి పొందిన క్రిస్పర్ (జన్యువును కోరిన చోట కత్తిరించే పద్ధతి) చికిత్స మీరు చెప్పిన ఆ తప్పు అక్షరాన్ని అసలు ముట్టుకోదు.

ముందు నొప్పి సంగతి చెబుతాను. హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు అనే ప్రొటీన్ భాగంలో ఆరో స్థానంలో నీటితో కలిసిపోయే గ్లుటామిక్ ఆమ్లం ఉండవలసిన చోట, నీటికి దూరంగా జరిగే వాలీన్ వచ్చి కూర్చుంది. హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోస్తున్నంతసేపూ దీనివల్ల ఇబ్బంది రాదు. ఆక్సిజన్‌ను కండరానికో ఎముకకో దించేశాక మాత్రం ఆ వాలీన్ పక్కనున్న అణువు మీది గుంటలో ఇమిడిపోతుంది, ఆ అణువు మరొకదానికి అంటుకుంటుంది, అలా పేరుకున్న పోగులు కణాన్ని లోపలి నుంచి కొడవలిలా సాగదీస్తాయి. ఆ బిరుసు కణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే, ఆవలి ఎముకకు రక్తం అందక మీ విద్యార్థిని పడిన నొప్పి పుడుతుంది. చలికి నాళాలు ముడుచుకుంటాయి కాబట్టి కణాలు అక్కడ ఎక్కువసేపు ఆగిపోతాయి. ఒంట్లో నీరు తగ్గితే కణం లోపల హీమోగ్లోబిన్ చిక్కబడుతుంది. ఆ చిక్కదనం కొద్దిగా పెరిగినా పోగులు కట్టే వేగం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ రాత్రి మీరు తాగించిన నీళ్లు చేసిన మేలు ఇక్కడే ఉంది.

ఇక చికిత్సకు దారి చూపింది పసిపిల్లలు. ఈ వ్యాధితో పుట్టిన శిశువుల రక్తంలో కొడవలి కణాలు చాలా తక్కువగా ఉంటాయని, అందుకు కారణం తల్లి కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్ ఇంకా మిగిలి ఉండడమే కావచ్చునని 1948లో జానెట్ వాట్సన్ అనే అమెరికన్ వైద్యురాలు రాశారు. ఈ పిండ హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసుకు బదులు గామా గొలుసు ఉంటుంది. అది పోగులో ఇమడదు, పైగా పోగు పెరగకుండా అడ్డుపడుతుంది. పుట్టిన కొన్ని నెలలకు శరీరం గామాను ఆపి బీటాకు మారుతుంది, వ్యాధి లక్షణాలు కూడా అప్పుడే బయటపడతాయి. ఆ ఆపడం జరగకుండా చూడగలిగితే తప్పు అక్షరం ఉన్నచోటే ఉన్నా పెద్దగా నష్టం లేదన్నమాట.

ఆపే మీట ఎక్కడుందో కనిపెట్టడానికి మాత్రం అరవై ఏళ్లు పట్టింది. పిండ హీమోగ్లోబిన్‌ను అణచివేసేది బీసీఎల్11ఏ అనే ప్రొటీన్ అని 2008లో బోస్టన్‌లోని స్టువర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం చూపింది. దాన్ని పూర్తిగా తీసేయడానికి వీల్లేదు, ఎందుకంటే రోగనిరోధక కణాలకు, మెదడుకు కూడా దాని అవసరం ఉంది. ఆ జన్యువును ఎర్ర రక్తకణాల వంశంలో మాత్రమే నడిపించే చిన్న భాగం ఒకటి ఉందని 2013లో తేలాక దారి దొరికింది. ఇప్పటి క్రిస్పర్ చికిత్స కత్తిరించేది ఆ భాగాన్నే. బ్రిటన్ 2023 నవంబరులో, అమెరికా డిసెంబరులో దీనికి అనుమతి ఇచ్చాయి. అమెరికా నియంత్రణ సంస్థ లెక్కలోకి తీసుకున్న 31 మందిలో 29 మందికి వరుసగా కనీసం పన్నెండు నెలలు తీవ్రమైన నొప్పి సంక్షోభం రాలేదు.

జవాబు 2 (పిల్లల వైద్యుడు, ఉద్యోగ విరమణ చేశాను)

పై మిత్రుడు విజ్ఞానాన్ని చక్కగా వివరించారు. ఆ తల్లి విషయంలో నాకు ఆందోళనగా ఉంది కాబట్టి నేను మందు దగ్గరే ఆగుతాను.

అమ్మా, హైడ్రాక్సీయూరియాను కొన్ని రక్త క్యాన్సర్లలో వాడతారన్న మాట నిజమే, దాన్ని దాచవద్దు. అది మూలుగలో కణాల ఉత్పత్తిని కాస్త నెమ్మదింపజేస్తుంది. ఆ ఒత్తిడికి మూలుగ స్పందిస్తూ పిండ హీమోగ్లోబిన్ ఎక్కువగా ఉన్న కణాలను బయటికి పంపుతుంది. అంటే కోట్లు ఖర్చయ్యే జన్యు చికిత్స చేరాలనుకున్న చోటికే ఈ గుళిక కూడా కొంతవరకు తీసుకెళుతుంది. తెల్లకణాలు తగ్గడం వల్ల నాళాల గోడలకు కణాలు అతుక్కోవడం కూడా తగ్గుతుంది. అమెరికా, కెనడాలలో 299 మంది పెద్దల మీద జరిగిన పరీక్షను 1995లో నిర్ణీత గడువుకు ముందే ఆపేశారు, ఎందుకంటే మేలు అంత స్పష్టంగా కనిపించింది: ఏడాదికి నొప్పి సంక్షోభాల మధ్యస్థ సంఖ్య మందు లేనివారిలో 4.5 ఉండగా, వాడినవారిలో 2.5కు దిగింది. ఆ తరువాత చిన్నపిల్లల్లోనూ పరీక్షించి చూశారు.

జాగ్రత్తలు ఉన్నాయి. రక్తకణాల సంఖ్య మరీ పడిపోకుండా వైద్యుడు చెప్పిన గడువుల ప్రకారం రక్తపరీక్ష చేయించాలి, మోతాదు బరువును బట్టి ఆయనే నిర్ణయించాలి. ఆడపిల్ల పెద్దదయ్యాక గర్భం విషయంలో ముందే మాట్లాడాలి. నొప్పి లేని రోజుల్లో మానేసి, వచ్చినప్పుడు వేసుకుంటే ఈ మందు పనిచేయదు. రోజూ వేసుకోవాలి, ఫలితం కనబడడానికి నెలలు పడుతుంది. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో మందు మానేసినవారిలో ఎక్కువమంది నెల తిరక్కుండానే గుణం లేదని మానేసినవారే.

పిల్లకు పసుపుపచ్చని ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా ఇస్తూ ఉంటారు. మామూలు ఎర్రకణం 120 రోజులు బతికితే కొడవలి కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది, కాబట్టి మూలుగ నిరంతరం కొత్తవి తయారుచేస్తూ ఉండాలి, అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. దాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పాఠంలో ఈ సంగతి కూడా చెప్పండి, పిల్లలు గుర్తుపెట్టుకుంటారు.

జన్యు చికిత్స గురించి ఆ తల్లికి ఇప్పుడే ఆశ పెట్టవద్దని నా అభిప్రాయం. 2023లో అనుమతి వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు, అప్పటి మన లెక్కలో సుమారు 18 కోట్ల రూపాయలు. డబ్బు ఉన్నా అది తేలిక కాదు. సవరించిన కణాలను ఎక్కించే ముందు బుసల్ఫాన్ అనే బలమైన మందుతో పాత మూలుగను ఖాళీ చేయాలి, దానివల్ల సంతానలేమి ముప్పు ఉంటుంది. ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మన దేశానికి తగిన చికిత్స కోసం పనిచేస్తున్నారు, అది త్వరగా అందాలని మనసారా కోరుకుంటున్నాను. అది అందేలోగా ఈ పిల్ల ఎముకలు, ప్లీహం, మూత్రపిండాలు పాడవకుండా కాపాడవలసింది మాత్రం ఆ గుళికే. జ్వరం 101 డిగ్రీలు దాటితే ఎంత రాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లాలని వసతి గృహం వార్డెన్‌కు రాసి ఇవ్వండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

డాక్టరు గారికి, పరిశోధక విద్యార్థికి కృతజ్ఞతలు. ఆదివారం వాళ్ల ఊరికి వెళ్లి తల్లితో మాట్లాడాను. క్యాన్సర్ మాటను దాచకుండా, పసిబిడ్డగా ఉన్నప్పుడు పిల్లకు నొప్పులు ఎందుకు రాలేదో చెప్పి, ఈ మందు ఆ పసితనపు రక్తాన్నే కొంత తిరిగి తెస్తుందని వివరించాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, అవును, పాలు తాగినన్నాళ్లూ బాగానే ఉండేది, నేనే ఏదో తప్పు చేశాననుకున్నాను అంది. మందు మళ్లీ మొదలుపెట్టే ముందు ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించడానికి ఒప్పుకుంది. ఆమెకు రెండో కూతురు ఉంది, నాలుగేళ్లు, ఇంతవరకు పరీక్ష చేయలేదు. ఏ పరీక్ష అడగాలి?

జవాబు 3 (ల్యాబ్ టెక్నీషియన్)

మేడం, ఊళ్లో శిబిరం పెట్టినప్పుడు మేము చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. పరీక్షనాళికలోని ద్రావణంలో కొద్దిగా రక్తం కలిపి, వెనుక గీతలు గీసిన కాగితం పెట్టి చూస్తాం. గీతలు స్పష్టంగా కనిపిస్తే సికిల్ హీమోగ్లోబిన్ లేదు, ద్రావణం మసకబారి గీతలు కనబడకపోతే ఉంది. కానీ వ్యాధి ఉన్న పిల్లకూ, తప్పు జన్యువు ఒక్కటే ఉండి వ్యాధి లేని వాహకురాలికీ ఇందులో ఒకే ఫలితం వస్తుంది. ఈ తేడా సరిగా చెప్పకపోవడం వల్ల ఆరోగ్యంగా ఉన్న వాహకులు తమకు రోగం ఉందని బెంగపెట్టుకుని తిరగడం నేను చూశాను.

అందుకని చిన్నపాపకు హెచ్‌పీఎల్‌సీ లేదా ఎలక్ట్రోఫోరెసిస్ కావాలని అడగండి, ఇవి హీమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూపే పరీక్షలు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది, మొదటి బిడ్డకు వచ్చింది కదా అని రెండో బిడ్డకు అది తగ్గదు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం కింద నలభై ఏళ్లలోపు వారికి స్క్రీనింగ్ జరుగుతోంది, మీ పీహెచ్‌సీలో ఏఎన్ఎం గారిని అడిగితే ఆ వివరాలు చెబుతారు. ఒక్క విషయం మరిచిపోవద్దు: పాపకు గత మూడు నెలల్లో ఎక్కడైనా రక్తం ఎక్కించి ఉంటే నమూనా తీసే ముందే చెప్పండి. దాత రక్తం కలిసి ఉంటే ఫలితం తప్పుదోవ పట్టిస్తుంది, అప్పుడు తల్లిదండ్రుల రక్తం కూడా పరీక్షించి చూడవలసి వస్తుంది.