అప్‌డేట్: వరదల్లో పనిచేసిన విద్యార్థులకు గుర్తింపు ఎలా ఇవ్వాలని అడిగాను కదా

గోదావరి వరద పెరిగి ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక జారీ చేశాక, కోనసీమ లంకలకు (నది మధ్య దీవుల్లోని ఊళ్లకు) నాటు పడవల్లో మంచినీళ్లు, మందులు చేర్చిన మా యూనివర్సిటీ పిల్లలను ఎలా సత్కరించాలని అడిగాను. మీలో చాలామంది మార్కులు చూడొద్దన్నారు, అదే చేశాం. ఎన్‌ఎస్‌ఎస్‌ (విద్యార్థుల జాతీయ సేవా పథకం)లో రెండేళ్లకు 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు ఎలాగూ లెక్కలో ఉంటాయి. కానీ గంటల పట్టీలో కనిపించని పని ఒకటుంది: ఎవరు ఏ పడవలో వెళ్లాలో, ఏ ఇంట్లో బాలింత ఉందో రాత్రంతా ఫోన్లో కూర్చుని చూసిన అమ్మాయిలు. నాకు అసలు నాయకత్వం అక్కడే కనిపించింది. అందుకే ఎవరిని సత్కరించాలో ఆ పేర్లు లంక ఊళ్లవాళ్లనే చెప్పమన్నాం. ఎన్‌ఎస్‌ఎస్ మొదలైన రోజు (1969) సెప్టెంబర్ 24 కాబట్టి సభ ఆ రోజే, శాలువాలు కప్పేది కూడా ఆ ఊళ్లవాళ్లే.