అప్‌డేట్: హెచ్‌టీఎంఎల్ ఫైళ్లలో తెలుగు లైన్లు రెజెక్స్‌కు దొరకని సమస్య తీరింది

పోయిన వారం నేనే అడిగాను. మా తాతగారి పాత వెబ్ పేజీల నుంచి తెలుగు ఉన్న లైన్లు మాత్రమే తీయాలి, పైథాన్‌లో రాసిన రెజెక్స్ (టెక్స్ట్‌లో ఒక నమూనాను వెతికే సూత్రం) సగం ఫైళ్లలో ఒక్క లైన్ కూడా పట్టడం లేదని. సాయం చేసిన అందరికీ థాంక్స్.

"బ్రౌజర్‌లో కాదు, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి" అన్నవారి మాటే నిజమైంది. ఆ ఫైళ్లలో తెలుగు అక్షరాలే లేవు! 'త' ఉండాల్సిన చోట త అని ఉంది. బ్రౌజర్ దాన్ని అక్షరంగా మార్చి చూపిస్తుంది, రెజెక్స్‌కు మాత్రం అవి ఉత్త అంకెలు. ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన నంబర్లు 3072 నుంచి 3199 వరకు. నా రెజెక్స్ వెతికిందీ ఆ అక్షరాలనే, కానీ ఫైల్లో వాటి నంబర్లు ఉన్నాయి. పైథాన్‌లోనే ఉన్న హెచ్‌టీఎంఎల్ అన్‌ఎస్కేప్ ఫంక్షన్ (ఇలాంటి కోడ్‌లను తిరిగి అక్షరాలుగా మార్చేది) వాడగానే లైన్లన్నీ వచ్చేశాయి.

ఒక్క జాగ్రత్త: ముందు ట్యాగులు (<p> లాంటి హెచ్‌టీఎంఎల్ గుర్తులు) తీసేయండి, ఆ తర్వాతే అన్‌ఎస్కేప్. నేను తిరగేసి చేస్తే, వ్యాసంలో ఉదాహరణగా రాసిన < (అంటే <) గుర్తులు నిజం ట్యాగుల్లా మారి, వాటితోపాటు ఒక పేరా మాయమైంది. దాంతో ట్యాగుల పని బ్యూటిఫుల్ సూప్ అనే పైథాన్ లైబ్రరీకే వదిలేశాను.

నేను మొదట అనుమానించిన ఫాంట్, ఎన్‌కోడింగ్, గ్రీడీ మ్యాచ్ (రెజెక్స్ అవసరానికి మించి పట్టేయడం)... వీటికి ఈ సమస్యతో సంబంధమే లేదు. రెండు రోజులు వాటిమీదే టెన్షన్ పడ్డాను. తాతగారి వ్యాసాలన్నీ ఇప్పుడు ఒకే ఫైల్లో ఉన్నాయి, అమ్మ చదువుతోంది.